బెంగళూరులో జీఎస్టీ నంబర్ తీసుకుంటున్న మనవాళ్లకి: లాగిన్ ఎవరి ఫోన్‌లో ఉందో ముందు చూసుకోండి

కోపం ఇంకా చల్లారలేదు, రాతలో అటూ ఇటూ అయితే సర్దుకోండి. మహదేవపుర వైపు చిన్న వ్యాపారాలు పెట్టుకున్న మనవాళ్లకి ఆ ఏజెంట్ ఆఫీసు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కింద జిరాక్స్ షాపు, పైన "జీఎస్టీ, ఉద్యం, ఫుడ్ లైసెన్స్ అన్నీ ఒకేచోట" అని కన్నడలోనూ తెలుగులోనూ బోర్డు. ఆ తెలుగు బోర్డు చూసే కదా మెట్లెక్కింది. పేరు రాయను. అలాంటివి సందుకొకటి ఉన్నాయి, అన్నింటికీ ఇది వర్తిస్తుంది.

మా వదిన ఇంట్లో పచ్చళ్లు పెట్టి హైదరాబాద్‌కీ విజయవాడకీ పార్సిళ్లు పంపుతుంది. సరుకు కర్ణాటక దాటిందంటే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. 40 లక్షల దాకా అక్కర్లేదన్న మాట ఇక్కడే చేసి ఇక్కడే అమ్మేవాళ్లకి (సర్వీసులకైతే 20 లక్షలు). కాబట్టి నంబర్ తీసుకోవడం తప్పనిసరి. లెక్కలు రాసే పనిలోనే ఉన్న నేను, గంటలో అయిపోయే ఫారం నింపడానికి బద్ధకించి, "మనోడే, చేసిపెడతాడు" అన్నాను. ఆ బద్ధకం ఖరీదు 7,500.

ఆ లెక్క కూడా చూడండి. గవర్నమెంట్ ఫీజు 2,500. ఎక్స్‌ప్రెస్ 1,500. ఉద్యం, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, 1,500. సర్వీసు ఛార్జి 2,000. ఇందులో సర్వీసు ఛార్జి ఒక్కటే నిజం. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి సర్కారు ఒక్క పైసా తీసుకోదు. ఉద్యం కూడా పూర్తిగా ఉచితం, 2020 జులై నుంచీ అంతే. ఆధార్, పాన్, ఒక ఓటీపీ ఉంటే టీ చల్లారేలోగా నంబర్ వస్తుంది. గూగుల్‌లో ఉద్యం అని కొడితే పైన వచ్చే యాడ్ సైట్లు అశోక స్తంభం లాంటి బొమ్మ పెట్టుకుని డబ్బులు అడుగుతాయి. చివర గవ్ డాట్ ఇన్ లేని ఏ సైట్‌లోనూ ఆధార్ నంబర్ కొట్టకండి. ఇంకో మాట. ఉద్యం నంబర్ ఉంటే జీఎస్టీ అక్కర్లేదని చెప్పేవాళ్లున్నారు. ఉద్యం మీది చిన్న పరిశ్రమ అని చెప్పే కాగితం, జీఎస్టీ పన్ను నంబర్. ఒకదానికొకటి బదులు కాదు.

ఎక్స్‌ప్రెస్ సంగతి ఇంకా బాగుంది. 2025 నవంబర్ 1 నుంచి రూల్ 14ఎ అని ఒకటి వచ్చింది. రిజిస్టరైన వ్యాపారులకి చేసే అమ్మకాల మీద కట్టాల్సిన పన్ను నెలకి రెండున్నర లక్షలు దాటదు అనుకునేవాళ్లు ఆ ఆప్షన్ ఎంచుకుని ఆధార్ వెరిఫికేషన్ చేయించుకుంటే మూడు పనిదినాల్లో నంబర్ ఇస్తారు. సర్కారు ఉచితంగా పెట్టిన వేగాన్ని ఈ ఏజెంట్ 1,500కి అమ్ముతున్నాడు. అమ్మితే అమ్మాడు, మాకు ఆ ఆప్షన్ కూడా ఎంచలేదు! మామూలు దారిలోనే పంపాడు.

సరే, డబ్బులు పోతే పోయాయి. అసలు కడుపు మండింది ఇక్కడ. సర్టిఫికెట్ ప్రింట్ తీసి, పైన ప్లాస్టిక్ కవరేసి ఇచ్చాడు. వదిన ఎంతో మర్యాదగా అడిగింది: "తమ్ముడూ, ఆ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా రాసివ్వు."

"సర్టిఫికెట్ ఇచ్చాం కదక్కా, లాగిన్‌తో మీకేం పని?"

నేను కలగజేసుకున్నాను. రిటర్న్‌లు, అంటే పన్ను లెక్కలు, మేమే వేసుకుంటాం అన్నాను. ఫోన్ మీంచి తల కూడా ఎత్తలేదు. "పచ్చళ్లు పెట్టుకునేవాళ్లకి పోర్టల్ ఎందుకన్నా? ఏడాది ప్యాకేజీ తీసుకోండి, అన్నీ మేం చూస్కుంటాం. లేదంటారా, హ్యాండోవర్ ఛార్జి 4,000. కట్టకపోతే రిటర్న్ పడదు, లేటు ఫీజు మీ నంబర్ మీదే పడుద్ది. నాకేం కాదు."

నాకేం కాదు! ముందు రోజు దాకా "మాది కూడా మీ జిల్లానేనక్కా" అన్న నోటితోనే. వదిన పాన్, వదిన ఆధార్, వదిన కరెంటు బిల్లుతో వచ్చిన నంబర్‌కి తాళం వాడి జేబులో.

ఇది ఎలా జరిగిందో చెబుతా, ఎందుకంటే మీకూ ఇలాగే జరుగుతుంది. రిజిస్ట్రేషన్‌కి నింపే రెగ్-01 ఫారం రెండు భాగాలు. మొదటి భాగంలో పాన్, రాష్ట్రం, జిల్లా, మొబైల్, ఈమెయిల్ ఇస్తారు. మొబైల్‌కి ఒక ఓటీపీ, ఈమెయిల్‌కి వేరే ఓటీపీ వస్తాయి. రెండూ కొడితే టీఆర్‌ఎన్ అనే తాత్కాలిక నంబర్ వస్తుంది. 15 రోజుల్లోపు దాంతో రెండో భాగం నింపాలి. అంతా నింపాక సబ్మిట్ చేసేటప్పుడు సంతకానికి బదులు మళ్లీ ఓటీపీ. ఆ తర్వాత ఆధార్ వెరిఫికేషన్. కొందరికి ఓటీపీ లింక్ వస్తుంది, కొందరిని వేలిముద్రకి జీఎస్టీ సువిధ కేంద్రానికి రమ్మంటుంది. ఇప్పుడు లెక్కపెట్టండి. మా వదిన ఫోన్‌కి వచ్చింది ఆధార్ ఓటీపీ ఒక్కటే. మిగతావన్నీ ఎక్కడికి పోయాయి? వాడి ఫోన్‌కి, వాడి ఈమెయిల్‌కి. నంబర్ మంజూరయ్యాక మొదటిసారి లాగిన్ అవ్వడానికి వచ్చే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా అక్కడికే. "ఒక్క ఓటీపీ చాలక్కా, మీకు శ్రమ లేకుండా చేశా" అన్నప్పుడే నాకు బుర్ర వెలగాల్సింది. వెలగలేదు. పక్కనే కూర్చుని టీ తాగుతున్నా.

అంతటితో అయిపోలేదు. ఇంటికొచ్చి పోర్టల్‌లో సెర్చ్ ట్యాక్స్‌పేయర్ తెరిచి ఆ 15 అక్షరాల, అంకెల నంబర్ కొట్టా. దీనికి లాగిన్ అక్కర్లేదు, ఎవరి నంబరైనా చూడొచ్చు. పేరు, చిరునామా సరే. ట్యాక్స్‌పేయర్ టైప్ దగ్గర: కంపోజిషన్.

తెలియనివాళ్లకి చెబుతున్నా. కంపోజిషన్ అంటే మూడు నెలలకోసారి అమ్మకాల మీద చిన్న శాతం కట్టేసే పథకం. సరుకు తయారుచేసే, అమ్మే చిన్నవాళ్లకి 1 శాతం. కిరాణా కొట్టుకి బాగుంటుంది. కానీ కంపోజిషన్‌లో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు. బిల్లు మీద పన్ను వసూలు చేయకూడదు, కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోకూడదు. మా వదిన నంబర్ తీసుకున్నదే హైదరాబాద్ పార్సిళ్ల కోసం! ఈత రానివాడికి పడవ అడిగితే రాయి కట్టిచ్చినట్టుంది. ఫారంలో మొదటి ట్యాబ్‌లోనే "కంపోజిషన్ కావాలా" అని అడుగుతుంది, అవును నొక్కితే కింద హామీపత్రం కూడా వస్తుంది. ఒక్క ప్రశ్న అడిగుంటే సరిపోయేది: సరుకు ఎక్కడికి పంపుతారు?

ఇంకా కిందికి దిగితే సరుకుల దగ్గర 9963 అని ఉంది. అది భోజనం, బస సర్వీసుల కోడ్. రెస్టారెంట్ వాళ్లు వేసుకునేది. కంపోజిషన్‌లో రెస్టారెంట్‌కి 5 శాతం. సీసాలో పెట్టి అమ్మే ఆవకాయకి ఉండాల్సింది 2001 అనే కోడ్. మా వదిన వంటింటికి టేబుళ్లు, వెయిటర్లు ఎప్పుడొచ్చారో మాకే తెలీదు.

ఇప్పుడు మీ ఫారం మీరే నింపుకుంటే ఎక్కడ ఆగిపోతారో చెప్పేస్తా. మనవాళ్లకి మొదటి తలనొప్పి ఇంటిపేరు. ఆధార్‌లో ముందు ఒక్క అక్షరం, పాన్‌లో వెనక పూర్తి ఇంటిపేరు. సర్టిఫికెట్ మీద లీగల్ నేమ్ పాన్ నుంచే వస్తుంది కాబట్టి, ఆధార్‌లో పేరునీ పుట్టిన తేదీనీ ముందే పాన్‌లో ఉన్నట్టు మార్పించుకోండి. రెండోది చిరునామా కాగితాలు. అద్దె ఇల్లైతే రెంట్ అగ్రిమెంట్, దాంతోపాటు ఓనర్ పేరుమీద బెస్కామ్ కరెంటు బిల్లు, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, ఖాతా (ఇంటి ఆస్తి నమోదు) కాపీ, ఈ మూడింట్లో ఏదో ఒక్కటి. అగ్రిమెంట్ రిజిస్టర్ కానిదైతే, అంటే బెంగళూరులో మనందరిదీ అయిన పదకొండు నెలలదైతే, ఓనర్ గుర్తింపు కార్డు కాపీ కూడా. బెస్కామ్ బిల్లు ఇప్పటికీ ఓనర్ వాళ్ల నాన్న పేరుమీద ఉండటం ఇక్కడ మామూలే. అగ్రిమెంట్‌లో ఒక పేరు, బిల్లులో ఇంకో పేరు ఉంటే ఆఫీసర్ ఆపేస్తారు. అప్పుడు ట్యాక్స్ రసీదు అడగండి. ఫోటో 100 కేబీ దాటకూడదు.

ఆధార్‌లో చిరునామా ఆంధ్రాలో ఉంది, ఇక్కడ ఇస్తారా అని చాలామంది భయపడతారు. ఏజెంట్లు ఆ భయానికే "అదర్ స్టేట్ ఛార్జి" అని ఒకటి కలుపుతారు. 2025 ఏప్రిల్ 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 03/2025 ఆదేశంలో స్పష్టంగా ఉంది: నివాసం ఇదే ఊళ్లో ఎందుకు లేదు లాంటి ప్రశ్నలు వేయకూడదు, జాబితాలో లేని కాగితాలు అడగకూడదు. కాకపోతే ఆంధ్రాలో తీసుకున్న, 37తో మొదలయ్యే జీఎస్టీ నంబర్ ఇక్కడ పనికిరాదు. కర్ణాటకలో వ్యాపారానికి 29తో మొదలయ్యేదే కావాలి. సొంత వ్యాపారానికి డిజిటల్ సిగ్నేచర్ కొనమంటే లేచి వచ్చేయండి. అది కంపెనీకీ ఎల్‌ఎల్‌పీకీ తప్పనిసరి, మీకు ఓటీపీ చాలు.

ఫారం పంపాక ఏఆర్‌ఎన్ అనే దరఖాస్తు నంబర్ వస్తుంది. దాంతో రోజూ స్టేటస్ చూడండి. మామూలు దారిలో, ఆధార్ వెరిఫికేషన్ అయ్యుంటే ఏడు పనిదినాల్లో తేలాలి. పెండింగ్ ఫర్ క్లారిఫికేషన్ అని కనిపిస్తే వివరణ అడుగుతూ రెగ్-03 నోటీసు వచ్చిందని అర్థం, ఏడు పనిదినాల్లో రెగ్-04లో జవాబివ్వాలి. ఆ నోటీసు ఏజెంట్ ఈమెయిల్‌కి వెళ్లి, ఆయన చూడక, గడువు దాటి రిజెక్టయి, మళ్లీ 2,500 "గవర్నమెంట్ ఫీజు" కట్టినవాళ్లు నాకు తెలిసి ఇద్దరున్నారు. సున్నా ఫీజు రెండుసార్లు కట్టారు పాపం. నంబర్ వచ్చాక 30 రోజుల్లో బ్యాంకు ఖాతా వివరాలు ఎక్కించాలి, లేదంటే సస్పెండ్ చేస్తారు. కంపోజిషన్ కాకుండా రెగ్యులర్‌లో ఉంటే వ్యాపారం లేని నెలకీ రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే సున్నా రిటర్న్‌కే రోజుకి 20, వరసగా ఆరు నెలలు వదిలేస్తే నంబరే రద్దు చేయొచ్చు. వాడు బెదిరించింది దీంతోనే.

2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి ఇక్కడ చిన్న కొట్లకి జీఎస్టీ నోటీసులొచ్చాయి కదా, "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అట్టముక్కలు వేలాడాయి కదా, అప్పట్నుంచి ఈ ఏజెంట్ల పంట పండింది. భయపడ్డవాడు రసీదు చదవడు.

మాలాగే ఇరుక్కున్నవాళ్లకి దారి ఉంది, ఆ 4,000 కట్టకండి. సెర్చ్ ట్యాక్స్‌పేయర్‌లోనే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీస్ అని కనిపిస్తుంది. రాష్ట్రం కిందైతే ఎల్‌జీఎస్టీఓ (స్థానిక జీఎస్టీ ఆఫీసు) పక్కన నంబర్ ఉంటుంది. పక్కనున్న అదర్ ఆఫీస్ మీది కాదు. అక్కడికెళ్తే సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో సగం రోజు దండగ. పాన్, ఆధార్, సర్టిఫికెట్ కాపీలు, మొబైల్, ఈమెయిల్ మార్చమని ఒక అర్జీ పట్టుకుని యజమానే వెళ్లాలి. ఆఫీసర్ తన లాగిన్‌లోంచి కొత్త మొబైల్, ఈమెయిల్ ఎక్కించి పాస్‌వర్డ్ రీసెట్ చేస్తారు. కొత్త ఈమెయిల్‌కి వచ్చినదాంతో ఫస్ట్ టైమ్ లాగిన్ నొక్కి మీ యూజర్‌నేమ్ మీరు పెట్టుకోవడమే. మేం నిన్న ఇచ్చొచ్చాం. చేతికి రాగానే సీఎంపీ-04 ఫారం వేసి కంపోజిషన్‌లోంచి బయటికి రావాలి, కోడ్ మార్చాలి. అప్పటిదాకా హైదరాబాద్ పార్సిళ్లు బంద్. కట్టిన డబ్బాలు హాల్లో వరసగా ఉన్నాయి, వదిన నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది.

ఆఁ, ఇంకొకటి. అదే సెర్చ్‌లో పాన్‌తో కూడా వెతకొచ్చు. ఇలాంటి చోట ఎప్పుడైనా పాన్, ఆధార్ జిరాక్స్ వదిలేసి వచ్చినవాళ్లు ఈ రాత్రే ఒకసారి కొట్టి చూడండి, మీకు తెలియని నంబర్ ఏదైనా మీ పేరుమీద ఉందేమో. అనుమానాలుంటే హెల్ప్‌డెస్క్ 1800-103-4786.

"గవర్నమెంట్ ఫీజు 2,500" అని వాడి చేత్తో రాసిచ్చిన రసీదుకి మాత్రం లామినేషన్ చేయించా. వాడి కిందున్న జిరాక్స్ షాపులోనే.