ట్యాంకు శుభ్రం చేస్తాయని అమ్మే ఆల్చిప్పలు: 5కి 1 మార్కు

అక్వేరియం షాపుల్లో, ఆన్‌లైన్లో 'నేచురల్ ఫిల్టర్' అని అమ్ముతున్నవి చాలావరకు మన చెరువుల్లో, కాలవల్లో ఉండే లామెల్లిడెన్స్ జాతి మంచినీటి ఆల్చిప్పలే. నీళ్లు వడగడతాయన్న మాట నిజం. పచ్చబడ్డ నీళ్ల తొట్టిలో రెండు మూడు వేస్తే కొన్ని గంటల్లోనే తేడా తెలుస్తుంది. కాకపోతే అవి పట్టుకునేది నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచును, బాక్టీరియాను. అద్దానికి పట్టిన పాచి, అడుగున పడ్డ మేత వాటికి తిండి కాదు. అక్కర్లేనిదాన్ని జిగురులో చుట్టి బయటికి నెట్టేస్తాయి, అమ్మోనియా వదులుతాయి. మురికి అడుగుకు దిగుతుందే గానీ ట్యాంకులోంచి పోదు.

అసలు కష్టం ఆకలి. స్పాంజి ఫిల్టరు నడిచే తేటనీళ్లలో ఆల్చిప్పకు తినడానికేమీ ఉండదు. ఒంట్లో ఉన్నది కరిగించుకుంటూ వారాలు, ఒక్కోసారి నెలలు నెట్టుకొస్తుంది. చూసేవాళ్లకు బాగానే ఉన్నట్టుంటుంది. చిన్న ట్యాంకులో ఒక్కటి చచ్చి కుళ్లినా అమ్మోనియా పెరిగి చేపలు తేలిపోతాయి.

బతికున్నది ఇసుకలో సగం దిగి, వెనక కొస పైకి పెట్టి ఉంటుంది. చిప్పల సందులో రెండు చిన్న రంధ్రాలు, ఒకదాని అంచున సన్నని కుచ్చు కనిపిస్తాయి. పుల్లతో తాకితే టక్కున మూసుకోవాలి. తాకినా తెరిచే ఉంటే వెంటనే తీసేసి, మూడో వంతు నీళ్లు మార్చండి.

ఇప్పటికే కొన్నవాళ్లు 3 అంగుళాల సన్న ఇసుక పరవండి, గులకరాళ్లు వద్దు. నీళ్ల పీహెచ్ 7 కంటే తగ్గితే, అంటే ఆమ్ల గుణం వస్తే, చిప్ప అరిగిపోతుంది. ఎండలో బకెట్ పెట్టి పెంచిన పచ్చనీళ్లు రోజూ పోసి, ఓ గంట ఫిల్టరు ఆపండి. చేపలకు వాడే రాగి మందులు ఆల్చిప్పలకు విషం.

ఇంత చేసినా ట్యాంకులో వీటి సంతతి నిలవడం అరుదు. పిల్ల ఆల్చిప్ప తనకు సరిపడే చేప మొప్పలకో రెక్కలకో అతుక్కుని కొన్నాళ్లు గడిపితే గానీ అడుగుకు దిగి బతకలేదు. అందుకే షాపుకొచ్చేవి ఎక్కువగా పెంచినవి కావు, ఏరుకొచ్చినవి. నదిలో వీటికి ఉన్న గండాలు చాలు: ఇసుక తవ్వితే అందులో దిగిన ఆల్చిప్పలూ లారీ ఎక్కుతాయి, ఆనకట్ట దగ్గర చేప ఆగిపోతే దానికి అతుక్కున్న పిల్ల ఆల్చిప్పలూ అక్కడే ఆగిపోతాయి. వాటిని ఫిష్ ట్యాంకు కోసం ఏరడం అన్యాయం. ఆ 1 మార్కు కూడా వడగట్టే పనికే.

వద్దనుకుంటే నదిలోనో చెరువులోనో వదలకండి. ఏ నీళ్లలోంచి వచ్చిందో, ఏ రోగం మోసుకొచ్చిందో తెలియదు. కొన్న షాపుకే తిరిగివ్వండి.