ఫోన్‌లో లైవ్ వస్తోందని మురిసిపోకండి: మా ఇంటి సీసీ కెమెరాల కథ

హన్మకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించాలని తిరుగుతున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. షాపు పేరు రాయను. కంప్లయింట్ నడుస్తోంది, అది తేలేదాకా నోరు జారొద్దనుకున్నాను. అయినా పేరు తెలుసుకుని మీరు పక్క షాపుకు వెళ్తే అక్కడా ఇదే జరగొచ్చు. ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

మొన్నటి మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ వెళ్లాం. బెల్లం, కొబ్బరికాయలు, ఒడిబియ్యం అన్నీ సర్దుకుని బండెక్కే ముందు నేను చేసిన చివరి పని, ఫోన్‌లో నాలుగు కెమెరాలూ చూసుకోవడం. గేటు, వరండా, వెనక సందు, మిద్దె మీద ట్యాంకు. నాలుగూ అద్దంలా కనిపిస్తున్నాయి. "ఇగ ఫికర్ లేదు" అని అమ్మతో అన్నాను కూడా.

రెండు రాత్రులు అక్కడే ఉండి మూడో రోజు పొద్దున వచ్చేసరికి వెనక గ్రిల్ గేటుకు తాళం లేదు. లోపలి తలుపు గట్టిది కాబట్టి ఇంట్లోకి రాలేకపోయారు. వెనక వసారాలో ఉన్నవి మాత్రం ఊడ్చుకుపోయారు. బాపు ఎక్సెల్ బండి, నిండు గ్యాస్ సిలిండరు, అమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి గంగాళం, రెండు రాగి బిందెలు.

సిగ్గు విడిచి చెప్తున్నా, మొదట నాకు బాధ కంటే హుషారే ఎక్కువ వచ్చింది. దొంగ దొరికిపోయాడనుకున్నాను. యాప్ తెరిచి ప్లేబ్యాక్ నొక్కి వెనక సందు కెమెరా ఎంచుకున్నాను. రికార్డయిన వేళలు చూపించే గీత ఖాళీ. ముందు రోజు చూశాను, ఖాళీ. వారం వెనక్కి, రెండు వారాలు వెనక్కి, అన్నీ ఖాళీయే. అలా వెనక్కి వెళ్తే 47 రోజుల కింద ఒక మధ్యాహ్నం దగ్గర రికార్డింగ్ ఆగిపోయి ఉంది. ఆ 47 రోజులూ నేను రోజుకు రెండుసార్లు లైవ్ చూస్తూనే ఉన్నాను.

కానిస్టేబుల్ వచ్చి అడిగిన మొదటి మాట, "సార్, ఫుటేజీ ఉన్నదా?" లైవ్ వస్తోందని ఫోన్ చూపించాను. ఆయన తొంగి చూసి, "లైవ్‌ల మనమే కనవడ్తున్నం గద సార్" అన్నాడు. నిజమే, వసారాలో నిలబడ్డ మేమిద్దరం చాలా స్పష్టంగా కనిపిస్తున్నాం.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే. లైవ్ వేరు, రికార్డింగ్ వేరు. కెమెరా నుంచి వచ్చిన బొమ్మను డీవీఆర్, అంటే కెమెరాల వైర్లన్నీ వచ్చి చేరే రికార్డింగ్ డబ్బా, ఒకవైపు ఇంటర్నెట్ ద్వారా ఫోన్‌కు పంపిస్తుంది, ఇంకోవైపు హార్డ్ డిస్కులో రాస్తుంది. డిస్కు చచ్చిపోయినా మొదటి పని ఆగదు. అందుకే ఫోన్‌లో లైవ్ చూసినంత మాత్రాన మనకు తెలిసే దారి లేదు.

మరి డిస్కు ఎందుకు పోయింది? కరీంనగర్‌లో కంప్యూటర్లు రిపేరు చేసే మా బామ్మర్ది వచ్చి డీవీఆర్‌ను టీవీకి తగిలించి చూశాడు. హార్డ్ డిస్కు మెనూలో దాని ఆరోగ్యం చూపించే పేజీ ఒకటి ఉంటుంది. అందులో ఆ డిస్కు మొత్తం ఎన్ని గంటలు నడిచిందో కూడా రాసి ఉంటుంది. మా దాంట్లో 31 వేల గంటలకు పైన ఉంది. కెమెరాలు పెట్టించి అప్పటికి పది నెలలు. పది నెలలు రాత్రింబవళ్లు తిరిగితే 7,300 గంటలు. 31 వేలంటే మూడున్నరేళ్లు. అంటే ఎక్కడో రెండేళ్లకు పైగా అరిగిపోయిన డిస్కును తుడిచి, కొత్తదని మాకు అంటగట్టారు. సీరియల్ నంబరు తయారీ కంపెనీ సైట్‌లో కొట్టి చూస్తే వారంటీ ఎప్పుడో అయిపోయిందని వచ్చింది. పైగా అది మామూలు కంప్యూటర్లలో వేసే డిస్కు. కెమెరాల కోసమని వేరేగా తయారయ్యేవి ఉన్నాయి, డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి. ఆగకుండా రాస్తూ ఉండటానికి వాటిని తయారు చేస్తారు.

ఇంతవరకు మోసం అనుకుని తిట్టుకుని ఊరుకునేవాణ్ని. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటి.

జాతరకు నెలన్నర ముందు డీవీఆర్ ఒకరోజు కీచుకీచుమని బీప్ కొట్టడం మొదలుపెట్టింది. ఆగదు. అమ్మకు తలనొప్పి లేచింది. షాపుకు ఫోన్ చేస్తే, బిగించిన పిలగాడు, "అన్నా, పది నిమిషాలు ఆగుండ్రి, చూస్త" అన్నాడు. మనిషి రాలేదు, బీప్ ఆగిపోయింది. ఎంత మంచి సర్వీసో అని మా ఆవిడతో మెచ్చుకున్నాను. ఇప్పుడు తేదీ సరిచూస్తే అది సరిగ్గా రికార్డింగ్ ఆగిన రోజే. ఆ బీప్ డిస్కు పోయిందని డీవీఆర్ మొత్తుకోవడం. ఆ పిలగాడు తన ఫోన్‌లోంచే మా డీవీఆర్‌లోకి వెళ్లి, దాని నోరు మూసి, డిస్కు సంగతి చెప్పకుండా ఊరుకున్నాడు.

తన ఫోన్‌లోంచే. ఆ మాట దగ్గర ఆగండి. బిగించిన రోజు డీవీఆర్‌ను యాప్‌కు కలిపే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసింది అతని ఫోన్‌తో, అతని అకౌంట్‌లో. మా ఫోన్లకు ఇచ్చింది చూసుకోవడానికి షేరింగ్ మాత్రమే. అడ్మిన్ పాస్‌వర్డ్ ఏమిటని అప్పుడు అడిగితే, "మీకెందుకన్నా, మర్చిపోతే మళ్లా పరేషాన్, మా దగ్గర సేఫ్‌గ ఉంటది" అన్నాడు. అతని యాప్‌లో కిందికి జరుపుతుంటే ఇళ్ల పేర్లు వరుసగా కనిపించాయి. అప్పుడు నాకు అది అనుభవం ఉన్నవాడనడానికి సాక్ష్యంలా అనిపించింది! ఇప్పుడు ఆలోచిస్తే, మా వరండాలో అమ్మ కూర్చునేది, మిద్దె మీద ఆడవాళ్లు బట్టలారేసేది, మేం ఇంట్లో ఉన్నామా లేదా అన్నది పది నెలలుగా ఒక షాపు ఫోన్‌లో తెరిచి ఉంది. అతను చూశాడని గానీ, దొంగతనంతో అతనికి సంబంధం ఉందని గానీ నేను అనడం లేదు, దానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఇంటి తాళంచెవి ఒకటి తాపీమేస్త్రి దగ్గర వదిలేస్తామా?

డీవీఆర్‌ను మా అకౌంట్‌కు మార్చమంటే 800 రూపాయలు అడిగారు. రీసెట్ కోడ్ కూడా అతని నంబరుకే వెళ్తుంది, ఎందుకంటే రిజిస్టరు చేసింది అదే. రెండు రోజులు పోట్లాడాక ఉచితంగా వదిలారు. పాస్‌వర్డ్ ఏం పెట్టాడో చూస్తే ‘అడ్మిన్’, దాని వెనక ఒకటి నుంచి ఐదు అంకెలు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ఉన్న కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో పట్టుకుని ఇంటర్నెట్ మీద దాడులకు వాడుకుంది. అదే అలవాటు మన గల్లీల్లో ఇంకా సాగుతోంది.

కాబట్టి డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. కొంత ఆపి పెట్టుకోండి. క్యూఆర్ స్కాన్ మీ ఫోన్‌తో, మీ ఈమెయిల్‌తో జరగాలి. పాస్‌వర్డ్ మీరే కొట్టాలి. ఆ తర్వాత ఆ పిలగాణ్ని ఒక గంట కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, అంతకు ముందు గంటలో ఏం రికార్డయిందో నాలుగు కెమెరాలవీ ప్లేబ్యాక్‌లో చూపించమనండి. డిస్కు ఎన్ని గంటలు నడిచిందో ఆ పేజీ కూడా తెరిపించి ఫొటో తీసుకోండి. కొత్త డిస్కయితే సున్నాకు దగ్గరగా ఉంటుంది.

"నెల రోజుల రికార్డింగ్ ఉంటది" అన్న మాట కూడా లెక్క వేసుకోండి. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు సుమారు 21.6 జీబీ. నాలుగింటికి 86 జీబీ దాటుతుంది. 1 టీబీ డిస్కు పదకొండు రోజులకు నిండిపోయి పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెడితే ఎక్కువ రోజులు వస్తుంది, కానీ చెట్టు కొమ్మ ఊగినా రాస్తుంది. మాకు ‘పోలీసుల రూలు 30 రోజులు’ అని కూడా చెప్పారు. ఆ 30 రోజుల నిబంధన 2013 నాటి ప్రజా భద్రత చట్టంలోది, అది జనం పెద్ద సంఖ్యలో వచ్చిపోయే సంస్థలకు. మామూలు ఇంటికి వర్తించదు.

వైరు సంగతి మరీ అన్యాయం. రాత్రిపూట వెనక కెమెరా ఆగి ఆగి వచ్చేది. కెమెరా పాతబడిందనుకున్నాం. బామ్మర్ది కెమెరాకు బొమ్మ, కరెంటు రెండూ మోసే త్రీ ప్లస్ వన్ కేబుల్ చివర కోసి బ్లేడుతో గీకితే ఎర్రటి పూత కింద తెల్లగా మెరిసింది. రాగి పూసిన అల్యూమినియం. అది రాగి అంత బాగా కరెంటు మోయదు. పగలు నెట్టుకొస్తుంది. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు (చీకట్లో బొమ్మ కనపడటానికి ఉండేవి) వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి, వైరు పొడుగ్గా ఉంటే 12 వోల్టులు చివరిదాకా చేరవు, కెమెరా ఆఫ్ అయి మళ్లీ మొదలవుతుంది. అంటే దొంగ వచ్చే వేళకే అది కళ్లు మూసుకుంటుంది. కాయిల్ విప్పకముందే చివర గీకి చూడండి, వాళ్లు మొహం మాడ్చుకున్నా సరే. అలాగే 5 మెగాపిక్సెల్ కెమెరా అని ఎక్కువ డబ్బు తీసుకుని 2 మెగాపిక్సెల్ వరకే రాసే డీవీఆర్ పెడతారు. రెండు డబ్బాల మీదా చదవండి.

కరెంటు విషయంలో తప్పు కొంత మాదే. డీవీఆర్‌ను ఇన్వర్టర్ లైన్‌కు ఇచ్చారు, కెమెరాలకు కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బాను మాత్రం మెట్ల కింద ఇంకో ప్లగ్గుకు పెట్టారు. ఎండాకాలం గాలిదుమారం వచ్చి కరెంటు పోతే డీవీఆర్ నల్లటి బొమ్మను శ్రద్ధగా రికార్డు చేసుకుంటూ కూర్చునేది. డీవీఆర్, పవర్ సప్లై, వైఫై రూటర్ మూడూ ఇన్వర్టర్ మీద ఉండాలి. బిగించినప్పుడే మెయిన్ ఆఫ్ చేయించి చూడండి.

ఇక కోతులు. మన దగ్గర కెమెరాలకు పెద్ద శత్రువు దొంగ కాదు, కోతి. గోడకు పొడుచుకుని వచ్చే బుల్లెట్ కెమెరా వాటికి ఉయ్యాల. మా ట్యాంకు కెమెరా మూడు నెలలు ఆకాశాన్ని కాపలా కాసింది. వైరు పైపులో పోయించి, స్లాబు కింద గుండ్రటి డోమ్ పెట్టించాక తెరిపి. సాలెగూళ్లు కూడా చూసుకోండి. కెమెరా దగ్గరికి పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడొస్తుంది, మర్నాటి రాత్రి తెరంతా తెల్లని మంచు.

ఎదురింటివాళ్ల కెమెరాలో తెల్లవారుజామున ఇద్దరు మనుషులు మా ఎక్సెల్ నెట్టుకుపోవడం కనిపించింది. వెంట ఇంకో బండి కూడా ఉంది. కానీ మొహాలు లేవు, కెమెరా చాలా ఎత్తున ఉండటంతో తలలే కనిపించాయి. ఆ రెండో బండి నంబరు ప్లేటు మీద ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు పడి తెల్లటి ముక్కలా మెరిసింది. నేను రెండోసారి పెట్టించినప్పుడు గేటు దగ్గరిది ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులోనే, లోపలికి వచ్చేవాడి మొహానికి ఎదురుగా పెట్టించాను. 2.8 ఎంఎం లెన్సు వాకిలంతా చూపిస్తుంది కానీ మనుషులు చిన్నగా పడతారు. గేటుకు 3.6 నయం. ఎదురింటి ఫుటేజీలో టైము 11 నిమిషాలు వెనక ఉంది. పోలీసులు ఆ తేడా కూడా రాసుకున్నారు. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినప్పుడు ఎదురింటి ఆయనతో ఒక సర్టిఫికెట్ మీద సంతకం తీసుకున్నారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం అది ఉండాలట. మీ గోడ మీది డబ్బాలో టైము సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఇప్పుడు బిల్లు. నాకు మొత్తం ప్యాకేజీ 18,500 అయింది, ఇంకో షాపు కంటే మూడు వేలు తక్కువ. ఆ మూడు వేల ఆశే ఇంతదాకా తెచ్చింది. బిల్లు అడిగితే "జీఎస్టీ 18 శాతం ఎక్కువ పడ్తది" అని ‘ఎస్టిమేట్’ అని రాసిన తెల్ల చిట్టీ ఇచ్చారు. దాని మీద సీరియల్ నంబర్లు లేవు, వారంటీ లేదు. నోటితో మాత్రం రెండేళ్లన్నారు. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతే. నా దగ్గర ఫోన్ పేమెంట్ రికార్డు, వాట్సాప్‌లో వాళ్లు పంపిన కొటేషన్ ఉన్నాయి కాబట్టి నిలబడగలిగాను. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి, వకీలు లేకపోయినా వేయొచ్చు. కొత్తగా కొనేవాళ్లకు ఇంకో మాట. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు కేంద్రం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ‘ఆర్’ అక్షరంతో మొదలవుతుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. గోదాములో మిగిలిన పాత సరుకు చౌకగా వస్తోందంటే అనుమానించండి.

1915 నుంచి ఫిర్యాదు చేరాక షాపు ఓనర్ స్వయంగా ఫోన్ చేశాడు. "అన్నా, డిస్కు మార్చిస్త, కంప్లయింట్ వాపస్ తీస్కోరాదు" అంటున్నాడు. డిస్కుతో పాటు వైరూ మార్చాలి, పక్కా బిల్లు కావాలి, ఆ మాట కాగితం మీద రాసివ్వాలి అన్నాను. సోమవారం చెప్తానన్నాడు. రెండు సోమవారాలు గడిచాయి. ఎక్సెల్ బండి ములుగు రోడ్డు పక్కన పెట్రోలు అయిపోయి దొరికింది. గంగాళం జాడ లేదు. అమ్మ దాని గురించి ఏమీ అనదు, కానీ ఫోన్‌లో కెమెరా తెరిచిన ప్రతిసారీ "అది రాస్కుంటున్నదా, ఉత్తగ చూస్తున్నదా?" అని అడుగుతుంది.