వివక్ష మీద రెండు రోజుల శిబిరం: వెళ్లండి, కానీ భూమి సంగతి అడగండి

దొమ్మలూరులో ఒక సంస్థ జాతి, కుల వివక్ష మీద నడిపే శిబిరానికి వెళ్లొచ్చాను. శని, ఆదివారాలు. మనిషికి 1,800 రూపాయలు, మధ్యాహ్నం భోజనం, రెండు పూటలా టీ అందులోనే. బెంగళూరులో మనవాళ్లు ఎక్కువ కదా, ఈసారి తెలుగు బ్యాచ్ విడిగా పెట్టారు. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి శిబిరాలు ఈ ఊళ్లో చాలా నడుస్తున్నాయి, ఆఫీసుల్లో హెచ్ఆర్ వాళ్లు పెట్టించేవీ దాదాపు ఇదే పద్ధతిలో ఉంటాయి. నేను చెప్పబోయేది అన్నిటికీ పనికొస్తుంది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. మిగతా ఒకటిన్నర ఎందుకు తగ్గించానో చెప్పాలంటే ముందు నేనెవరో చెప్పాలి. మాది చింతూరు వైపు. కోయవాళ్లం. 2014లో పోలవరం ముంపు పేరు చెప్పి తెలంగాణలోంచి ఆంధ్రలోకి మార్చిన మండలాల్లో మాదొకటి. ఇక్కడ మారతహళ్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆఫీసులో నన్ను చూసి ఎవరూ ఆదివాసీ అనుకోరు. నేను చెబితే "అంటే ఎస్సీ, ఎస్టీయా" అంటారు, రెండూ ఒకే మాట అయినట్టు.

బాగున్నవి ముందు. ఈశాన్య రాష్ట్రాల వాళ్ల మీద జరిగే జాతి వివక్ష గురించిన భాగం చాలా బాగా చేశారు. 2012 ఆగస్టులో పుకార్లకు భయపడి వేలమంది ఇదే బెంగళూరు నుంచి గువాహటి రైళ్లెక్కిన రోజులు, 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా దాడికి గురై చనిపోవడం, ఆ తర్వాత వేసిన బెజ్‌బరువా కమిటీ, అన్నీ వరసగా, ఎక్కడా సాగదీయకుండా చెప్పారు. ఒక నాగా అమ్మాయి వచ్చి అద్దె ఇల్లు వెతుక్కున్న అనుభవం చెప్పింది. ఇంటి ఓనరు అడిగిన ప్రశ్నలు ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే హాల్లో ఎవరూ ఫోను ముట్టుకోలేదు. ఆ ఒక్క గంట కోసమైనా వెళ్లొచ్చు.

ఇబ్బంది శిబిరం మొదట్లోనే కనిపించింది. నిర్వాహకురాలు లేచి, "ఈ నేల మూలవాసులకు కృతజ్ఞతలు చెబుతూ మొదలుపెడదాం" అన్నారు. ఎవరా మూలవాసులు అని అడిగాను. పేరు చెప్పలేకపోయారు. ఈ పద్ధతి ఆస్ట్రేలియా, కెనడాల నుంచి వచ్చింది. అక్కడ పేరు పెట్టి చెబుతారు. సిడ్నీ నడిబొడ్డున సభ జరిగితే అది గాడిగల్ ప్రజల నేల అంటారు. అలా ప్రతి సభలోనూ చెప్పే ఆస్ట్రేలియాలో, పార్లమెంటుకు సలహా చెప్పే ఒక మూలవాసీ సంఘాన్ని రాజ్యాంగంలో పెడదామా అని 2023 అక్టోబరు 14న ఓటింగ్ పెడితే నూటికి 60 మంది వద్దన్నారు. వేదిక మీద తలచుకోవడానికి ఎవరికీ ఖర్చు లేదు. మూలవాసులకు అధికారంలో చోటివ్వాల్సి వచ్చినప్పుడు ఓట్లు అలా పడ్డాయి. శిబిరంలో ఈ సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని ఎదురుచూశాను. ఎత్తలేదు.

తర్వాత అడుగుల ఆట. నేల మీద తెల్ల టేపు అంటించి అందరినీ వరసలో నిలబెట్టారు. ఒక్కో ప్రశ్నకు మన జవాబు మనకు మేలు చేసేదైతే ముందుకు, కాకపోతే వెనక్కి. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది మీరేనా, ఇంటి పేరు విని ఎవరైనా మొహం మార్చారా, ఇలా సాగుతున్నాయి. ఐదో ఆరో ప్రశ్న: "మీ తాతల కాలం నుంచి కుటుంబానికి భూమి ఉందా? ఉంటే రెండు అడుగులు ముందుకు." మాకుంది. మా అమ్మమ్మ కొట్టిన పోడు. రెండు అడుగులు వేశాను. పక్కన చూస్తే కృష్ణా డెల్టాలో మాగాణి ఉన్న అబ్బాయి, నాతో సమానంగా అదే గీత మీద. వాళ్ల పొలం అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టి పిల్లల్ని అమెరికా పంపొచ్చు. మా పోడుకి తాతల నాడు కాగితమే లేదు, ఫారెస్టోళ్లు వస్తే కోత వదిలేసి లోపలికి వెళ్లిపోవడమే. 2006 అటవీ హక్కుల చట్టం కింద నాన్న పట్టా తెచ్చుకున్నాడు. ఆ పట్టా పిల్లలకు వస్తుంది, అమ్మే వీల్లేదు. ఇప్పుడది ముంపు లెక్కలో ఉంది. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు కదలాలి, అందులో పెద్ద భాగం మావాళ్లే. ఇదంతా రెండు అడుగుల్లో పడదు.

ఆ ఆటను అమెరికాలో తయారుచేసినట్టు తెలిసిపోతూనే ఉంది. అక్కడ కూడా అది మూలవాసుల్ని పట్టుకోలేదనే నా నమ్మకం. వివక్ష మీద పోరాటం అనగానే మనిషిని ఎలా చూస్తున్నారు, రోడ్డు మీద ఆపుతున్నారా, ఉద్యోగం ఇస్తున్నారా అని అడుగుతారు. అవి న్యాయమైన ప్రశ్నలే. మూలవాసి ముందుగా అడిగేది వేరు: నా ఊరు నాకు ఉంటుందా, నా అడవి మీద నిర్ణయం ఎవరిది? మా మొహం చూసి అవమానించడం ఈ ఊళ్లో ఆగిపోయినా సరే, ఊరు మునగడం ఆగదు.

అమెరికాలోని మినియాపోలిస్ కథ చెప్పినప్పుడు ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. 2020 మే 25, పోలీసు మోకాలి కింద చనిపోయిన నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్, ఆ తొమ్మిది నిమిషాలు, దేశమంతా లేచిన జనం. వీడియోలు, ఫొటోలు, బాగా కట్టిన పాఠం. అదే ఊళ్లో 1968లో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ అనే మూలవాసుల ఉద్యమం పుట్టిందని ఒక్క ముక్క లేదు. అది మొదలైందే పోలీసు దౌర్జన్యం మీద. ఫ్రాంక్లిన్ అవెన్యూలో మూలవాసీ యువకులు రాత్రిళ్లు గస్తీ తిరిగి పోలీసులు ఎవరిని పట్టుకెళుతున్నారో చూసేవాళ్లు. ఫ్లాయిడ్ చనిపోయిన రెండు వారాలకు, జూన్ 10న, పక్కనే సెయింట్ పాల్‌లో కొలంబస్ విగ్రహాన్ని తాళ్లు కట్టి లాగేసింది కూడా ఆ ఉద్యమం వాళ్లే. ఆ విగ్రహం ఫొటో స్లైడులో ఉంది. లాగిందెవరో రాయలేదు.

ఇక మాకు సంబంధించిన తేదీ ఒకటి చెప్పాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. నాకు ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దించిన టీచరమ్మ ఆ జీవో కింద వచ్చినావిడే. లెక్క అర్థం కాకపోతే కోయలో చెప్పేది. ఆ జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఫ్లాయిడ్ చనిపోవడానికి దాదాపు నెల ముందు. ఆ జూన్‌లో నా ఫోను నిండా ఫ్లాయిడ్ కోసం పెట్టిన నల్ల చతురస్రాల పోస్టులే, మా ఆఫీసువాళ్లవి, కాలేజీ స్నేహితులవి. వాళ్లు పెట్టినందుకు నాకు సంతోషమే, నేనూ పెట్టాను. ఏప్రిల్ తీర్పు గురించి మాత్రం వాళ్లలో ఒక్కరూ ఒక్క వాక్యం రాయలేదు.

రెండో రోజు పంచిన బుక్‌లెట్‌లో అమెరికా మూలవాసుల్లో ఒక జాతి అయిన చెరొకీల మీద ఉన్న పేజీలు మొత్తం శిబిరంలోకెల్లా మేలైనవి. చెరొకీలు నల్లవాళ్లను బానిసలుగా ఉంచుకున్నారు. 1866 ఒప్పందంలో ఆ బానిసలకూ వాళ్ల సంతానానికీ చెరొకీ పౌరులతో సమానంగా హక్కులు రాశారు. 2007లో ఓటు పెట్టి వాళ్లను బయటికి నెట్టారు. 2017లో అమెరికా కోర్టు హక్కులున్నాయని తేల్చింది, 2021లో చెరొకీ సుప్రీంకోర్టే తమ రాజ్యాంగంలోంచి రక్తసంబంధం అన్న షరతును కొట్టేసింది. నేల పోగొట్టుకున్నవాడే ఇంకొకరికి అన్యాయం చేసిన కథ అది. దాచకుండా రాశారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

అంత ధైర్యం ఇక్కడి సంగతులకు ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. భోజనాల దగ్గర రంపచోడవరం వైపు నుంచి వచ్చిన అన్న ఒకాయన కలిశాడు, దళితుడు. "చెల్లీ, మా తాతల నుంచి అక్కడే ఉన్నాం. ఏజెన్సీలో గిరిజనేతరుల పేర భూమి రాయనివ్వని 1/70 చట్టం వల్ల గజం స్థలం నా పేర రాయించుకోలేను. పోడు పట్టా అడిగితే మూడు తరాలు, 75 ఏళ్ల రుజువు తెమ్మంటారు. మేమేమన్నా షావుకార్లమా?" అన్నాడు. కాదు. ఆ చట్టం లేకపోతే షావుకార్లు మా భూములు ఏనాడో ఊడ్చేసేవాళ్లు, అదీ నిజం. పక్కనే కలబురగి నుంచి వచ్చిన లంబాణీ అమ్మాయి, "మేం కర్ణాటకలో ఎస్సీ, మా మేనత్త వాళ్లు తెలంగాణలో ఎస్టీ" అంది. తెలంగాణలో లంబాడీలను 1976లో ఎస్టీ జాబితాలో చేర్చారు, వాళ్లను అందులోంచి తీసేయాలని ఆదివాసులు లేచి 2017లో ఆదిలాబాద్ ఎంత రగిలిందో ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. ముగ్గురం పళ్లెం ముందు పెట్టుకుని గొంతు పెంచకుండానే మాట్లాడుకున్నాం. ఒకరినొకరు ఒప్పించలేదు. ఆ అన్న చివర్లో, "పట్టా లేని దళితులకు ఏం చేయాలో కూడా మీ గ్రామసభలే చెప్పాలి" అన్నాడు. అది నాకు న్యాయంగానే తోచింది.

ఆ మాటలు సాయంత్రం చర్చలోకి తెచ్చాం. నిర్వాహకురాలు వెంటనే, "మనలో మనకు గొడవలు వద్దు, అందరికీ శత్రువు ఒక్కడే" అని ముగించేశారు. ఆవిడ ఉద్దేశం మంచిదే అని నమ్ముతాను. కానీ ఐక్యత పేరుతో ఎప్పుడూ పక్కకు జరగమనేది తక్కువ మంది ఉన్నవాళ్లనే. కర్ణాటకలో ఆదివాసుల కోసం రెండు నిమిషాలు కూడా లేకపోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. నాగరహొళె ఇక్కడికి ఐదారు గంటల దూరం. అడవిలోంచి పంపేసిన జేను కురుబ కుటుంబాలు 2025 మేలో తిరిగి తమ పాత ఊరికి వెళ్లి గుడిసెలు వేసుకున్నాయి. బీఆర్ హిల్స్‌లో సోలిగలు 2011లో పులుల అభయారణ్యంలోనే అడవి మీద సామూహిక హక్కు సాధించారు. ఈశాన్యం నుంచి ఒకరిని పిలిచినట్టే వీళ్లలో ఒకరిని పిలవొచ్చు. గోడకు ఆదివాసుల ధింసా నాట్యం ఫొటో మాత్రం పెద్దది పెట్టారు.

ఇవన్నీ ఫీడ్‌బ్యాక్ ఫారం సరిపోక వెనక పేజీలో కూడా రాసిచ్చాను. అడుగుల ఆటలో భూమి ప్రశ్నను మూడుగా విడగొట్టమన్నాను: సాగు ఉందా, కాగితం ఉందా, ఆ భూమి మీద మాట ఎవరిది.

మిగతావి: హాలు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, పెద్దవాళ్లతో వెళ్తే ముందే చెప్పండి. చిత్రాన్నం, పప్పు, మజ్జిగ బాగున్నాయి. పార్కింగు టూవీలర్లకే. ఎస్టీ, ఎస్సీ విద్యార్థులకు సగం ఫీజే తీసుకుంటారు, అది ఫారంలో ఎక్కడా రాయలేదు, ఫోను చేసి అడగాలి. తర్వాతి తెలుగు బ్యాచ్‌కి మన ఏజెన్సీ పిల్లలు నలుగురైనా వెళ్తే ఆ సాయంత్రం చర్చ అలా మధ్యలో ఆగదు.