ప్రమాదం తర్వాత మద్యం పరీక్ష: అనుమానం ఉంటేనా, అందరికీనా? ఏది మేలు?

కూడలిలో రెండు వాహనాలు ఢీకొన్నాయనుకుందాం. ఒక డ్రైవరుకు కాలు విరిగింది, రెండో డ్రైవరు ఏ దెబ్బా తగలకుండా పక్కన నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అక్కడికి వచ్చిన పోలీసు అధికారి బ్రీత్ ఎనలైజర్‌లో ఎవరిచేత ఊదించాలి? తాగినట్టు అనుమానం కలిగినవారిచేతనే అన్నది ఒక పద్ధతి. ప్రమాదం ఎంత చిన్నదైనా డ్రైవర్లందరిచేతా ఊదించాలన్నది రెండోది. ఎవరైనా చనిపోయినా, గాయపడినా మాత్రం అనుమానంతో నిమిత్తం లేకుండా అందరికీ పరీక్ష తప్పనిసరి చేయాలన్నది మూడోది. నా మొగ్గు మూడోదానివైపే. అయితే మొదటిదాన్ని కాదనడానికి ఉన్న కారణం వేరు, రెండోదాన్ని కాదనడానికి ఉన్న కారణం వేరు.

అనుమానం పద్ధతి చూడటానికి న్యాయంగానే కనిపిస్తుంది. భారత మోటారు వాహనాల చట్టంలోని 203వ సెక్షన్ కూడా, ప్రమాదంలో ఉన్న డ్రైవరు మద్యం తాగాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉంటే శ్వాస పరీక్ష కోరవచ్చు అంటుందే తప్ప, కోరి తీరాలని అనదు. చిక్కంతా ఎక్కడంటే, ప్రమాదం జరిగిన చోట అనుమానం సరిగా పనిచేయదు. కారిన డీజిలు, కాలిన రబ్బరు, గాయాలు తుడిచిన స్పిరిట్ అన్నీ కలగలిసిన చోట ముక్కును నమ్ముకోవడం కష్టం. తలకు దెబ్బ తగిలినవాడు తూలుతాడు, మాట ముద్దముద్దగా వస్తుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతాడు. రక్తంలో చక్కెర బాగా పడిపోయిన మధుమేహ రోగి తీరూ అలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి తాగుడుకు అలవాటుపడినవాడు మాత్రం మోతాదు మించినా నిటారుగా నిలబడి, అడిగిన కాగితాలు వరుసగా తీసి చూపించగలడు. ఎవరిని అనుమానించాలన్న నిర్ణయంలోకి మనిషి వాలకం, వాహనం ఖరీదు, పలుకుబడి చొరబడవని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు.

అందరికీ పరీక్ష చేస్తే తాగని డ్రైవరుకు కలిగే మేలు గురించి ఎందుకో పెద్దగా చర్చ జరగదు. ఆ యంత్రం నుంచి సున్నా అని, తేదీతో, సమయంతో వెలువడిన చీటీ ఆ రోజే దస్త్రంలో చేరితే, కొన్ని నెలల తర్వాత ఎవరో వచ్చి అతని దగ్గర వాసన వచ్చిందని సాక్ష్యం చెప్పినా బీమా వివాదంలోగానీ కోర్టులోగానీ దానికి విలువ ఉండదు. అనుమానం పద్ధతిలో పరీక్ష జరగని డ్రైవరు చేతిలో అలాంటి కాగితం ఏదీ మిగలదు.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. ఒంట్లో చేరిన మద్యం, 100 మిల్లీలీటర్ల రక్తానికి గంటకు సుమారు 10 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిపోతూ ఉంటుంది. సగటున 15 అనుకుంటే, 50 మిల్లీగ్రాముల హద్దు ఉన్న చోట 80 మిల్లీగ్రాములతో ప్రమాదం చేసినవాడికి మూడు గంటలు ఆలస్యంగా పరీక్ష చేస్తే 35 మాత్రమే వస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ పరిశోధనల ఆధారంగా వెనక్కి లెక్క కట్టవచ్చు గానీ, చివరి గుక్క ఎప్పుడు తాగాడో, ఖాళీ కడుపుతో తాగాడో లేదో తెలియనప్పుడు ఆ లెక్కను ప్రతివాది న్యాయవాది సులభంగానే ప్రశ్నించగలడు. అమెరికాలో వాణిజ్య వాహనాల డ్రైవర్లకు వర్తించే సమాఖ్య నియమం ఈ విషయంలో కచ్చితంగా ఉంది. పరీక్ష అవసరమైన ప్రమాదం జరిగాక రెండు గంటల్లోగా మద్యం పరీక్ష చేయకపోతే ఎందుకు చేయలేదో యజమాని రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఎనిమిది గంటలు దాటితే ప్రయత్నం మానుకోవాలి.

అలాగైతే ప్రతి ప్రమాదంలోనూ చేయించవచ్చు కదా? బ్రిటన్ చట్టం ప్రమాదం జరిగితే చాలు, అనుమానం లేకపోయినా శ్వాస పరీక్ష కోరే అధికారం పోలీసుకు ఇస్తుంది. కోరవచ్చు అనడానికీ, కోరి తీరాలి అనడానికీ మధ్య దూరం ఉంది. పార్కింగ్‌లో బంపరు గీసుకున్న ప్రతిసారీ అధికారి రావాల్సిందేనంటే, జనం ఆ సంగతి చెప్పడమే మానేస్తారు, వచ్చే అధికారి కూడా మొక్కుబడిగా ఊదించి వెళ్తాడు. ఐర్లండ్‌లో 2011 నుంచి గాయాలైన ప్రమాదాల్లో పరీక్షను తప్పనిసరి చేశారు. గీత గీయడానికి అదే సరైన చోటు.

గాయపడిన డ్రైవరు విషయం వేరు. రోడ్డు మీద ఉన్నవారికి శ్వాస పరీక్షే మేలు: నిమిషాల్లో తేలిపోతుంది, సూది గుచ్చాల్సిన పని లేదు. నోట్లో మిగిలిన మద్యం లెక్కను పెంచకుండా, పరీక్షకు ముందు 15 నిమిషాలు ఏమీ తాగనివ్వకుండా గమనిస్తే చాలు. ఊదలేని స్థితిలో ఆస్పత్రిలో ఉన్నవారికి రక్త పరీక్ష తప్పదు. సూది గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడవకూడదు. నమూనాను, అది చెడిపోకుండా కాపాడే సోడియం ఫ్లోరైడ్ వేసిన సీసాలో తీసి ముద్ర వేయాలి. చికిత్స కోసం ఆస్పత్రి చేసే సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) పరీక్ష అంకెను నేరుగా వాడకూడదు, ఎందుకంటే పూర్తి రక్తంలో కంటే సీరంలో ఆ అంకె ఎక్కువగా వస్తుంది. స్పృహ లేనివాడి అనుమతి లేకుండా రక్తం తీయవచ్చా అన్న ప్రశ్నకు బ్రిటన్ 2002లో చక్కని మార్గం చూపింది. చికిత్స చేసే డాక్టరు కాకుండా వేరొకరు నమూనా తీస్తారు, రోగి కోలుకుని సమ్మతించేదాకా దాన్ని పరీక్షించరు. అప్పుడు కాదంటే అది వేరే నేరం. అమెరికా సుప్రీం కోర్టు కూడా 2016లో, మద్యం కేసులో అరెస్టయినవారికి వారంటు లేకుండా శ్వాస పరీక్ష చేయవచ్చని, రక్తానికి మాత్రం సాధారణంగా వారంటు కావాలని తేడా చూపింది.

తప్పనిసరి పరీక్షలో నన్ను వెనకాడించే అంశాలు రెండు. మొదటిది, అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన ప్రమాదానికి కారణం అతనేనని తేలదు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక నుంచి లారీ గుద్దితే, కారు నడిపినవాడు తాగి నడిపినందుకు శిక్ష అనుభవించవలసిందే గానీ, గుద్దినందుకు కాదు. నివేదికలో ఈ రెండింటికీ వేర్వేరు గడులు ఉండాలి. రెండోది పారిపోవడం. పరీక్ష తప్పదని తెలిసినవాడు గాయపడిన మనిషిని వదిలేసి పారిపోవచ్చు, లేదా ప్రమాదం తర్వాత కంగారులో తాగానని బుకాయించవచ్చు. నార్వేలో, పోలీసు విచారణ రావచ్చని తెలిసినప్పుడు వాహనం నడిపాక ఆరు గంటలపాటు మద్యం ముట్టడమే నిషేధం. జపాన్‌లో ప్రాణాంతక ప్రమాదం చేసి, మత్తు సంగతి బయటపడకుండా తప్పించుకుంటే 12 ఏళ్ల దాకా జైలు శిక్ష పడేలా 2014లో అమల్లోకి వచ్చిన చట్టంలో ప్రత్యేక నేరంగా చేర్చారు. ఇలాంటి నిబంధన పక్కన లేకుండా తప్పనిసరి పరీక్షను ఒక్కదాన్నే తెస్తే, అది పారిపోనివాళ్లకే వర్తిస్తుంది.