సూర్యారావుపేట లివర్ ట్యూమర్ క్లినిక్: అరుదైన గడ్డకు సెకండ్ ఒపీనియన్

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి వారానికొకసారి నడిపే లివర్ ట్యూమర్ క్లినిక్‌కు మా అక్క కొడుకును తీసుకువెళ్ళిన అనుభవం మీద రాస్తున్న సమీక్ష ఇది. లోపాలు కూడా రాస్తున్నాను కనుక ఆస్పత్రి పేరు చెప్పడం లేదు. పైగా అక్కడ నాకు నచ్చిన పద్ధతిని ఏ ఊళ్ళోని ఆస్పత్రిలోనైనా అడిగి చేయించుకోవచ్చు.

అబ్బాయి తెనాలిలో డిగ్రీ పూర్తిచేసినవాడు. మద్యం అలవాటు లేదు. హెపటైటిస్ బి, సి పరీక్షలు నెగటివ్. పొట్ట పైభాగం బరువుగా ఉందంటే అల్ట్రాసౌండ్ తీయించగా కాలేయం ఎడమ భాగంలో పెద్ద గడ్డ కనిపించింది. ఆ తర్వాత మరో స్కానింగ్ సెంటర్ ఇచ్చిన సీటీ రిపోర్టులో అది ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా, అంటే క్యాన్సర్ కాని గడ్డ, అని రాశారు. ఏఎఫ్‌పీ రక్తపరీక్ష (కాలేయ క్యాన్సర్‌లో తరచుగా పెరిగే ఒక ప్రోటీన్‌ను కొలిచేది) కూడా మామూలుగానే వచ్చింది. సెకండ్ ఒపీనియన్ తీసుకొమ్మని మా కుటుంబ వైద్యుడు పట్టుబట్టకపోతే ఆ రిపోర్టుతోనే ఊరుకునేవాళ్ళం.

క్లినిక్‌లోని పెద్ద డాక్టరుగారు ఆ రిపోర్టు కాగితాన్ని పక్కన పెట్టి, సీడీని కంప్యూటర్‌లో వేసి, రేడియాలజిస్టును పిలిచి ఇద్దరూ కలిసి మొదటి నుంచి బొమ్మలు చూశారు. గడ్డ మధ్యలో నక్షత్రంలా ఒక మచ్చ ఉంది. అటువంటి మచ్చ ప్రమాదం లేని గడ్డలోనూ ఉంటుంది, ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా అనే అరుదైన క్యాన్సర్‌లోనూ ఉంటుంది. అయితే మచ్చలో సున్నపు చుక్కలు కనబడడం వారికి అనుమానం కలిగించింది. కాలేయ కణాలు పీల్చుకునే ప్రత్యేకమైన మందు ఎక్కించి ఎంఆర్ఐ తీయించారు. టీ2 అనే రకం ఎంఆర్ఐ బొమ్మల్లో మచ్చ తెల్లగా ఉంటే సాధారణంగా మొదటి రకమనీ, నల్లగా ఉంటే రెండోదానిని అనుమానించాలనీ, మందు ఎక్కించిన ఇరవై నిమిషాలకు తీసే బొమ్మల్లో మొదటి రకం గడ్డ ఆ మందును నిలుపుకుంటుందనీ, రెండోది నిలుపుకోదనీ తెరమీద చూపిస్తూ చెప్పారు. మావాడి మచ్చ నల్లగానే ఉంది, గడ్డ మందును నిలుపుకోలేదు.

ఏఎఫ్‌పీ మామూలుగా ఉన్నప్పుడు క్యాన్సర్ ఎలా అవుతుందని మా బావగారు అడిగారు. ఈ రకంలో ఆ పరీక్ష చాలామందికి మామూలుగానే వస్తుందనీ, ఇది ఎక్కువగా సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) లేని యువతీయువకులకే వస్తుందనీ, కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో దీని వాటా సుమారు నూటికి ఒకటేననీ డాక్టరుగారు వివరించారు. సిర్రోసిస్ ఉన్నవారికి సీటీ లక్షణాలు స్పష్టంగా ఉంటే గడ్డలోంచి ముక్క తీయకుండానే (బయాప్సీ లేకుండానే) మామూలు కాలేయ క్యాన్సర్‌ను నిర్ధారించవచ్చట. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో గడ్డకు ఆ నియమం వర్తించదు కనుక ముక్క పరీక్ష తప్పదన్నారు. ఇంత ఓపికగా, ఇంత తెలుగులో చెప్పే డాక్టర్లు ఈ ఊళ్ళో ఎక్కువమంది లేరు.

ఈ క్లినిక్‌కు నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసేది ముక్క తీసిన తర్వాత జరిగిన పనికి. పెద్ద పెద్ద కణాలు, వాటి మధ్య పొరలు పొరలుగా పీచు కనిపిస్తున్నాయని పాథాలజిస్టు మొదటి రిపోర్టులో రాశారు. ఆపైన చేసిన ప్రత్యేక రంగుల పరీక్షల్లో సీకే7, సీడీ68 అనే ప్రోటీన్లు రెండూ పాజిటివ్ వచ్చాయి, అంటే అనుమానించినట్టే అది ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా. అక్కడితో ఆగకుండా, ఇటువంటి కేసులు తమ దగ్గరకు అరుదుగా వస్తాయి కనుక మరో పెద్ద కేంద్రం చూడడం మంచిదని రిపోర్టు కిందనే రాసి, మేము అడగకముందే మైనపు బ్లాకును (తీసిన ముక్కను మైనంలో పొదిగి భద్రపరిచిన దిమ్మను), స్లైడ్లను లేఖతో సహా మా చేతికిచ్చారు. బ్లాకు ఇవ్వడానికి నెలల తరబడి తిప్పించే ల్యాబులు ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి ఇలా బయటి ఊళ్ళ నుంచి వచ్చే స్లైడ్లను, బ్లాకులను చూసి తన అభిప్రాయం చెబుతుంది. మావాటినీ అక్కడికే పంపించాం; నిర్ధారణ అదే వచ్చింది.

ఈ జబ్బును 1956లో తొలిసారి వర్ణించినా, దాని మూలం 2014లో గాని బయటపడలేదు. 19వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క ఊడిపోయి డీఎన్ఏజేబీ1, పీఆర్‌కేఏసీఏ అనే రెండు జన్యువులు అతుక్కుపోవడం ఇందులో కనిపించే మార్పు. దానిని వెల్లడించిన పరిశోధక బృందంలో ఎలానా సైమన్ అనే అమెరికన్ విద్యార్థిని కూడా ఉంది. ఆమె చిన్న వయసులో ఇదే జబ్బుకు చికిత్స పొందింది. డాక్టరుగారు ఈ సంగతి మావాడికి చెప్పినప్పుడు వాడు తొలిసారిగా తల ఎత్తి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు.

చికిత్స విషయంలో సర్జన్, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, కీమో ఇచ్చే డాక్టరు ఒకే బల్ల దగ్గర కూర్చుని నిర్ణయం తీసుకున్నారు. ఈ రకానికి నికరంగా పనిచేసే మందు ఇంకా లేదనీ, గడ్డను పూర్తిగా తీసివేసే ఆపరేషనే ప్రధాన మార్గమనీ, లింఫ్ గ్రంథులకు పాకే గుణం ఎక్కువ కనుక వాటినీ తీయాలనీ చెప్పారు. ఆపరేషన్ తర్వాత కూడా తిరగబెట్టే అవకాశం తక్కువేమీ కాదన్న మాటను దాచలేదు. తమ దగ్గర ఆపరేషన్ థియేటర్ ఉన్నప్పటికీ, కాలేయ ఆపరేషన్లు తరచుగా జరిగే హైదరాబాదులోని కేంద్రానికి వెళ్ళమని సలహా ఇవ్వడం చూసి నేను ఆశ్చర్యపోయాను. వచ్చిన పేషెంటును వదులుకునే ప్రైవేటు ఆస్పత్రిని అంతకుముందు నేను చూడలేదు.

లోపాల సంగతికొస్తే, టోకెన్ పద్ధతి ఉన్నట్టే గాని పనిచేయదు. పిలుపు ఎప్పుడొస్తుందో కౌంటర్‌లో ఎవరూ చెప్పలేరు, వేచి ఉండే హాలులో నీరసంగా ఉన్న పేషెంట్లు నడుం వాల్చడానికి చోటు లేదు. ప్రత్యేక రంగుల పరీక్షలకు విడివిడిగా ఎంతవుతుందో ముందు చెప్పలేదు, బిల్లు చేతికొచ్చాకే తెలిసింది. డాక్టరుగారు నోటితో చెప్పినదంతా తెలుగే అయినా, డిశ్చార్జి కాగితంలో తెలుగు ముక్క ఒక్కటి లేదు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఇక్కడ ఓపీకి చెల్లదు. అంత ఖర్చు భరించలేనివారు గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలో నాట్కో ట్రస్టు సాయంతో కట్టిన క్యాన్సర్ విభాగంలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో ముందుగా విచారించుకోవడం మంచిది.

హాలులో కలిసినవారిలో పిత్తనాళాల క్యాన్సర్ ఉన్న ఒక పెద్దాయన ఉన్నారు. కామెర్లని పసరు మందు తాగుతూ చాలా కాలం పోగొట్టుకున్నారట. ఆ జబ్బులో కొందరికి ఎఫ్‌జీఎఫ్‌ఆర్2, ఐడీహెచ్1 వంటి జన్యువుల్లో మార్పులు ఉంటాయి, వాటికి గురిపెట్టిన మందులు ఇప్పుడు వచ్చాయి. కాబట్టి ఆయన ముక్కను కూడా జన్యు పరీక్షకు పంపారు. ఒకే కాలేయంలో పుట్టినా ఒక్కో గడ్డకు దారి వేరు కనుక, జబ్బు పేరు తేలేవరకు మందు మొదలుపెట్టకపోవడం ఇక్కడి నియమం.

వెళ్ళదలచినవారు ఫిల్ములతో సరిపెట్టకుండా స్కాన్ సీడీ వెంట తీసుకువెళ్ళండి. ముక్క పరీక్ష ఇంతకుముందే అయి ఉంటే ఆ ల్యాబు నుంచి బ్లాకు తీసుకుని వెళ్ళండి, లేకపోతే మళ్ళీ ముక్క తీయాల్సి రావచ్చు. ఉదయం ఓపీ తెరవకముందే చేరుకోండి, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.