చూస్తూ ఉండాలా, కదిపి చూడాలా? అడవికీ పొలానికీ ఏది మేలు

అడవినైనా పొలాన్నైనా ఏళ్ల తరబడి పరిశీలించాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది, దేన్నీ ముట్టుకోకుండా క్రమం తప్పక వెళ్లి కొలవడం. రెండోది, ఒక ముక్కలో ఏదైనా మార్చి, పక్క ముక్కను ఉన్నదున్నట్టు వదిలి, తేడా చూడటం. ఏది మేలంటే నా జవాబు అడవికి ఒకటి, పొలానికి వేరొకటి.

మొదటి దారికి మంచి ఉదాహరణ తమిళనాడులోని ముదుమలై పులుల అభయారణ్యం. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆర్. సుకుమార్ బృందం 1988లో అక్కడ 50 హెక్టార్ల ఆకురాల్చే అడవిని ఎంచుకుంది. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కాండం అడ్డుకొలత ఒక సెంటీమీటరైనా ఉన్న ప్రతి చెట్టుకూ ఒక సంఖ్య ఇచ్చారు. ఏది చచ్చింది, ఏది కొత్తగా ఆ కొలతకు ఎదిగింది అని ఏటా చూస్తారు. పని ఇంతే. వినడానికి చప్పగా ఉంటుంది కానీ, మందార కుటుంబానికి చెందిన కైడియా అనే చిన్న చెట్టును ఏనుగులు విరిచి, బెరడు ఒలిచి ఎంతగా తగ్గించేశాయో ఈ లెక్కల వల్లే తెలిసింది. మూడేళ్ల ప్రాజెక్టుకు ఇది అందదు. ఏనుగులు, కార్చిచ్చు, కరువు మన ప్రాజెక్టు గడువు చూసుకుని రావు కదా!

లోపమూ ఉంది. కరువు, మంటలు వెంటవెంటనే వచ్చినప్పుడు చెట్టు దేనివల్ల చచ్చిందో విడదీసి చెప్పడం కష్టం.

ఆ కష్టాన్ని అమెరికాలో, న్యూ హాంప్‌షైర్ కొండల్లోని హబ్బర్డ్ బ్రూక్ అటవీ పరిశోధన కేంద్రం వాళ్లు మొరటుగా తీర్చుకున్నారు. 1965 చివర్లో ఒక వాగు పరీవాహక ప్రాంతంలోని చెట్లన్నిటినీ నరికి, కలపను అక్కడే వదిలేశారు. ఆ తర్వాత మూడేళ్లు కలుపు మందు కొట్టి మళ్లీ ఏదీ మొలవనివ్వలేదు. వాగులో నీరు పెరిగింది. దాంతోపాటు నేలలోని నత్రజని కొట్టుకుపోయి, నీటిలో నైట్రేట్ తాగునీటి పరిమితిని దాటింది. చెట్లు పోతే నేల సారమూ పోతుందని అంకెలతో తేలింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. పక్కనున్న, నరకని వాగును 1963 నుంచి కొలుస్తూ ఉండబట్టే ఈ తేడా అర్థమైంది. పైగా ఆ కేంద్రానికి అంతకన్నా పెద్ద పేరు తెచ్చిన ఆమ్ల వర్షాల సంగతి ఏ ప్రయోగం వల్లా బయటపడలేదు. వానను, వాగును ఊరికే కొలుస్తూ పోతే బయటపడింది.

అందుకే అడవి విషయంలో నా ఓటు చూస్తూ ఉండటానికే. మన పులుల అభయారణ్యంలో నరికి చూస్తామంటే ఒప్పుకునేవారు ఎలాగూ ఉండరు.

పొలం సంగతి పూర్తిగా వేరు. అక్కడ రైతు ఏటా ఏదో ఒకటి మారుస్తూనే ఉంటాడు, కాబట్టి చూస్తూ కూర్చుంటే ఏదీ తేలదు. ఇంగ్లాండులోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బ్రాడ్‌బాక్ అనే గోధుమ చేను 1843 నుంచి నడుస్తోంది. ఒక పట్టీకి పశువుల ఎరువు, ఒకదానికి నత్రజని, ఇంకొకదానికి అసలు ఏమీ లేదు. ఎరువే ఎరుగని పట్టీలో ఇప్పటికీ హెక్టారుకు ఒక టన్ను అటూ ఇటూగా పండుతోంది. పశువుల ఎరువు వేసే పట్టీకి హెక్టారుకు ఏటా 35 టన్నులు పడుతుంది. అంత ఎరువు మన చిన్న రైతు ఎక్కడ తెస్తాడో ఆ భగవంతుడికే ఎరుక.

మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో నల్లరేగడి ప్రయోగం 1976లో మొదలైంది. ఒకవైపు పాత పద్ధతి: వానాకాలంలో నేలను బీడు పెట్టి, తర్వాత మిగిలిన తేమతో జొన్నో శనగో వేయడం. మరోవైపు నీరు నిలవకుండా మీటరుకు పైగా వెడల్పున్న ఎత్తు మడులు, వాటి మధ్య కాలువలు, ఎరువులు, కందిని కలిపిన అంతర పంట. దీర్ఘకాల సగటు దిగుబడి పాత పద్ధతిలో హెక్టారుకు 1.1 టన్నులు, కొత్తదానిలో 5 టన్నుల దాకా. మట్టిలో కర్బనం కూడా కొత్త పద్ధతిలోనే ఎక్కువ చేరింది.

అంకెలు ఘనమే కానీ, నాకు ఒక పేచీ ఉంది. మడి, ఎరువు, పంట అన్నీ ఒకేసారి మార్చారు. లాభంలో కంది వాటా ఎంత, మడి వాటా ఎంత? బ్రాడ్‌బాక్ పట్టీలు అలాంటి ప్రశ్నకు జవాబిస్తాయి, ఈ రెండు ముక్కలు ఇవ్వలేవు. అన్నీ ఒకేసారి చేసుకోగల స్తోమత లేని రైతుకు ముందు కావలసింది ఆ జవాబే. కొత్తగా ఇలాంటి ప్రయోగం పెట్టేవారు ముక్కలు నాలుగైదు ఎక్కువైనా సరే, ఒక్కొక్క ముక్కలో ఒక్కొక్కటే మార్చాలంటాను. ఖర్చు పెరుగుతుందని ప్రయోగం పెట్టే ఊళ్లను తగ్గించుకోవలసి వస్తే, తగ్గించుకోవడమే నయం.