స్పెయిన్‌లో వారం రెస్ట్, ఇంటికి రావడం విమానంలోనా ఓడలోనా రైల్లోనా: ఏది మేలు?

2023లో మా ఆయనకి ఆఫీసు పని మరీ ఎక్కువైపోయి రాత్రిళ్లు నిద్ర పట్టక, చెక్ చేయిస్తే బీపీ కూడా కనిపించి, డాక్టర్ ముందు ఒక వారం పది రోజులు ఎక్కడికైనా వెళ్లి రండి తర్వాత చూద్దాం అన్నారు, అలా మొదలైంది మా స్పెయిన్ సంగతి. మేం ఉండేది ఇంగ్లండ్‌లో రెడింగ్. ఇక్కడ ఎవరికైనా ఎండ కావాలంటే ముందు స్పెయినే గుర్తొస్తుంది, మేమూ అదే పట్టుకున్నాం. ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాం, మూడుసార్లూ వేరే వేరే చోట్లు, ఇంటికి తిరిగొచ్చింది కూడా ఒకసారి విమానం, ఒకసారి రైలు, ఒకసారి ఓడ. ఫ్రెండ్సందరూ స్పెయిన్‌లో ఎక్కడ బాగుంటుంది అని అడుగుతారు గానీ ఎలా తిరిగొచ్చారు అని ఒక్కరూ అడగరు. నాకు మాత్రం ఆ రెండోదే పెద్ద ప్రశ్న, ఎందుకంటే ఏడు రోజులు తీసుకున్న రెస్ట్ ఒక్క రాత్రిలో పోవడం నేను కళ్లారా చూశాను.

బార్సిలోనా రెండు రోజులు, మాడ్రిడ్ రెండు రోజులు, సెవిల్ రెండు రోజులు అని తిరిగే టూరు గురించి కాదు నేను చెప్పేది. అది ఊళ్లు చూడ్డానికి వెళ్లేది, మేం వెళ్లింది నిద్రపోవడానికి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి.

మొదటిసారి నెర్హా. స్పెల్లింగ్ చూసి అందరూ నెర్జా అంటారు, స్పానిష్‌లో జె అక్షరాన్ని హ అని పలుకుతారు. స్పెయిన్ దక్షిణ తీరంలో మాలగా అనే నగరం నుంచి తూర్పుగా 50 కిలోమీటర్లు ఉంటుంది, రైలు లేదు, బస్సులో వెళ్లాలి. నాకు తెలిసి రైలు లేకపోవడమే ఆ ఊరికి మంచిదైంది, పెద్ద పెద్ద హోటళ్లు వరసగా లేవు. ఊరి మధ్యలో సముద్రం మీదకి పొడుచుకొచ్చిన కొండ అంచు ఉంటుంది, దాన్ని బాల్కోన్ దె యూరోపా అంటారు, అంటే యూరప్ బాల్కనీ. 1884 డిసెంబర్‌లో పెద్ద భూకంపం వస్తే మరుసటి ఏడాది జనాన్ని చూడ్డానికి వచ్చిన 12వ ఆల్ఫోన్సో రాజు ఆ పేరు పెట్టాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. రోజూ సాయంత్రం అక్కడ బెంచీ మీద కూర్చోవడం తప్ప మేం చేసిందేం లేదు. సెప్టెంబర్ మధ్యలో కూడా రాత్రి 8 దాటాకే పొద్దు గుంకుతుంది. స్పెయిన్ మ్యాప్‌లో ఇంగ్లండ్ కింద నిలువుగానే ఉన్నా 1940లో గడియారాన్ని ఒక గంట ముందుకి జరిపి అలాగే ఉంచేశారు, అందుకే అక్కడ సాయంత్రాలు అంత పొడుగు, రాత్రి 9 దాటాక గానీ ఎవరూ భోజనానికి కూర్చోరు, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా చాలా షాపులు మూసేస్తారు. మొదటి రెండు రోజులు మా ఆయనకి చెయ్యడానికేం లేక చిరాకొచ్చింది, మూడో రోజు మధ్యాహ్నం పడుకున్న మనిషి సాయంత్రం 6కి లేచాడు. నేను లేపలేదు, పక్కనే కూర్చుని చూస్తూ ఉన్నాను, ఎన్ని నెలలైందో అలాంటి నిద్ర చూసి.

నేను వైజాగ్‌లో పుట్టి పెరిగినదాన్ని, అయినా సముద్రంలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు, మన ఆర్కే బీచ్ దగ్గర అలలు అలాంటివి. నెర్హాలో బుర్రియానా బీచ్‌లో మొదటిసారి మెడ దాకా నీళ్లలో నిలబడ్డాను. నీళ్లు మాత్రం చల్లన, అట్లాంటిక్ నీళ్లు జిబ్రాల్టర్ సందులోంచి ఆ తీరానికి వచ్చి కలుస్తాయి కాబట్టి వెచ్చటి నీళ్లు కావాలనుకునేవాళ్లు స్పెయిన్ వాళ్లదే మయోర్కా దీవి వైపు చూసుకోండి.

తిండి సంగతి చెప్పాలి, నేను వెజ్, ఆయన అన్నీ తింటారు. ఆయనకి ఏ ఇబ్బందీ లేదు, బీచ్ ఒడ్డున పాత పడవలో ఇసుక పోసి, దాని మీద కట్టెల నిప్పు పెట్టి, సార్డిన్లు అంటే మన కవళ్ల లాంటి చేపల్ని పుల్లకి గుచ్చి కాలుస్తారు, ఎస్పెతోస్ అంటారు, రోజూ అవే. నాకు దొరికిన బంగారం వంకాయ. సన్నగా చక్రాల్లా కోసి పిండిలో ముంచి వేయించి పైన చెరకు పాకం పోసి ఇస్తారు. నెర్హా పైన 6 కిలోమీటర్ల దూరంలో ఫ్రిహిలియానా అనే తెల్ల సున్నం ఇళ్ల ఊరు ఉంది, అక్కడ ఇప్పటికీ ఆ చెరకు పాకం తీసే మిల్లు నడుస్తోంది. ఒక సీసా కొని రుచి చూస్తే అచ్చం మన బెల్లం పాకమే, నాకు సంక్రాంతికి అరిసెలు వండే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇంకో సంగతి, ఆ చుట్టుపక్కల మామిడి తోటలున్నాయి, సెప్టెంబర్‌లో కాపు. బంగినపల్లితో పోల్చను గానీ పరాయి దేశంలో చెట్టు మీంచి దిగిన మామిడిపండు తినడం చిన్న సంగతి కాదు. కోల్డ్ సూప్ తీసుకునేవాళ్లు ముందే సిన్ హమోన్ అని చెప్పండి, అంటే పంది మాంసం లేకుండా అని, లేకపోతే టమాటా సూప్ మీద కూడా ముక్కలు చల్లేస్తారు.

ఇక తిరుగు ప్రయాణం. ఆదివారం రాత్రి ఫ్లైట్, మాలగా నుంచి లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టుకి, రెండున్నర గంటలు. రెస్ట్ ఒక పూట ఎక్కువ దొరుకుతుందని నేనే రాత్రిది చూసి బుక్ చేశాను. రూము మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలి, అప్పట్నుంచి సూట్‌కేసు పట్టుకుని ఎండలో తిరగాలి, ఆ సంగతి తట్టలేదు. ఎయిర్‌పోర్టులో యూకే ఫ్లైట్లకి పాస్‌పోర్ట్ కంట్రోల్ దాటి లోపల కూర్చోవాలి, అక్కడ కూర్చున్నాక ఫ్లైట్ లేటు, గంట అన్నారు, ఇంకో గంట అన్నారు, చివరికి 2 గంటల 40 నిమిషాలు. యూరప్ రూల్ ప్రకారం ఆ దూరానికి 3 గంటలు దాటి చేరితే మనిషికి 400 యూరోలు ఇవ్వాలి, మాది దాటలేదు కాబట్టి ఏమీ రాలేదు. గాట్విక్‌లో దిగాక మన ఇండియన్ పాస్‌పోర్టులకి ఆటోమేటిక్ గేట్లు ఉండవు కదా, ఆ పొడుగు లైను, బయటికొచ్చేసరికి రెడింగ్ డైరెక్ట్ రైళ్లు అయిపోయాయి, టాక్సీకి పోసి ఇంటికి చేరేసరికి తెల్లవారుజామున మూడున్నర. పొద్దున 9కి ఆయనకి మీటింగ్. ఆ మీటింగులో ఆయన మొహం నేను చూశాను, వారం క్రితం బయల్దేరినప్పటి మొహమే అది. నాకు ఏడుపొచ్చింది.

అందుకని 2024 జూన్‌లో రైలు పట్టుకున్నాం. బార్సిలోనాకి ఉత్తరాన ఉన్న జిరోనాలో ఉండి ఆ పక్క సముద్రపు ఊళ్లు చూసుకుని, జిరోనాలోనే పారిస్ రైలెక్కాం. బార్సిలోనా నుంచి పారిస్‌కి డైరెక్ట్ రైలు 7 గంటల లోపే, జిరోనా దాని దారిలోనే. ఫ్రాన్స్‌లోకి వచ్చాక నార్బోన్ వైపు పట్టాలకి అటూ ఇటూ ఉప్పునీటి కాలవలు, మడుగులు, వాటిలో ఫ్లెమింగోలు, మన పులికాట్ పక్కన వెళ్తున్నట్టుంది. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్‌లో దిగి గార్ దు నోర్ స్టేషన్‌కి మారాలి, ఆర్‌ఈఆర్ డి అనే లోకల్ రైలు లైన్‌లో రెండో స్టాప్, సామానుతో కొంచెం కష్టమే, మేం ఒక రాత్రి అక్కడే పడుకుని మర్నాడు లండన్ వెళ్లే యూరోస్టార్ రైలు ఎక్కాం. అందులో నాకు నచ్చిందేంటంటే యూకే ఇమిగ్రేషన్ పారిస్‌లోనే అయిపోతుంది, లండన్‌లో దిగి అలా నడుచుకుంటూ బయటికి వచ్చేయడమే. బాగుంది, అలసట లేదు, కానీ రెండు రైళ్ల టైములు కలపడం, మధ్యలో హోటలు, ఆ లెక్కలన్నీ ఎవరో ఒకరి బుర్రలో తిరుగుతూ ఉంటాయి, మా ఇంట్లో అది నా బుర్ర.

2025 సెప్టెంబర్‌లో ఉత్తరం వెళ్లాం, మా కారుతోనే, పోర్ట్స్‌మత్ నుంచి శాంతాందేర్‌కి ఓడలో. ఉత్తర స్పెయిన్ అంటే మన మనసులో ఉన్న స్పెయిన్ కాదు, పచ్చగా కోనసీమలాగా ఉంటుంది, దాని వెనక ఎత్తైన కొండలు. పగలు కూడా 20 డిగ్రీల చుట్టూ, సన్నటి తుంపర. శాంతియానా అనే ఊరి దగ్గర అల్తామీరా గుహ ఉంది, వేల ఏళ్ల కిందటి అడవిదున్నల బొమ్మలు గుహ కప్పు మీద, అసలు గుహ బొమ్మలు పాడవకుండా కాపాడుతున్నారు కాబట్టి అందరూ చూసేది పక్కన 2001లో కట్టిన నకలు. ఫువెంతే దే అనే చోట కేబుల్ కారు నాలుగు నిమిషాల్లో 753 మీటర్లు పైకి లాగేస్తుంది, పైన మేఘాలు మన కాళ్ల కింద. ఆ పక్కనే ఉన్న అస్తూరియాస్ ప్రాంతం పల్లెల్లో రాతి స్తంభాల మీద నిలబెట్టిన చెక్క గాదెలు ఇంటింటికీ ఉన్నాయి, ఎలుకలు ఎక్కకుండా స్తంభానికి పైన పలక రాయి పెడతారు, మా తాతగారి ఊళ్లో గాదె గుర్తొచ్చి ఫోటోలు తీసి అమ్మకి పంపాను. వెజ్ వాళ్లకి మాత్రం అక్కడ కష్టమే, చిక్కుళ్ల కూర అని ఆశపడితే అందులోనూ పంది మాంసం ఉంటుంది, నేను చాలా రోజులు ఆమ్లెట్, బ్రెడ్డు, చివర్లో అర్రోస్ కోన్ లేచే మీద బతికాను. అది పాలల్లో గంటలు గంటలు ఉడికించిన అన్నం, పైన చక్కెర కాల్చి ఇస్తారు, పరమాన్నమే. రెండు చోట్ల రెండోసారి అడిగి తెప్పించుకున్నాను.

రెస్ట్ లెక్కన చూస్తే నెర్హాదే పైచేయి, అందులో నాకు అనుమానం లేదు. ఉత్తరంలో ఏది చూడాలన్నా కారు తీయాలి, కొండ మలుపులు, కుడివైపు డ్రైవింగు, ఆయన మళ్లీ అలర్ట్‌గా కూర్చోవడమే. ఒక రోజంతా వాన పడి రూములో ఉండిపోయాం, ఆ రోజే నిజంగా రెస్ట్.

కానీ ఆ ఓడ! శాంతాందేర్‌లో మధ్యాహ్నం ఎక్కితే పోర్ట్స్‌మత్‌లో దిగేది మర్నాడు సాయంత్రం, దాదాపు 30 గంటలు. కారు కింద డెక్‌లో పెట్టేసి చిన్న బ్యాగుతో పైకి వచ్చి క్యాబిన్ తలుపు వేసుకుంటే ఇంక మనం చెయ్యాల్సింది ఏమీ లేదు. సెక్యూరిటీలో బెల్టు తీయడం లేదు, గేటు మారడం లేదు. ఒడ్డు కనపడకుండా పోయాక ఆయన ఫోను సిగ్నలూ పోయింది, వైఫై కొననివ్వలేదు నేను. స్పెయిన్‌కి ఉత్తరాన ఉన్న బిస్కే అఖాతం మధ్యకి వచ్చేసరికి కింద లోతు 4000 మీటర్లు దాటిపోతుంది, అక్కడే తిమింగలాలు కనపడేది, పొద్దున్నే డెక్ మీద దుప్పటి కప్పుకుని నిలబడితే దూరంగా నీళ్లు పిచికారీలా లేచాయి, ఒకసారి కాదు మూడుసార్లు. డాల్ఫిన్లయితే ఓడ పక్కనే పరిగెత్తాయి. ఆయన నా చెయ్యి పట్టుకుని ఏమీ మాట్లాడలేదు, పెళ్లయిన కొత్తల్లో మా ఆయన అలా ఉండేవారు.

కష్టం కూడా చెప్తాను, బిస్కే అఖాతం ఎప్పుడూ నెమ్మదిగా ఉండదు, రెండో సగంలో అలలు లేచి నాకు కడుపులో తిప్పింది, వాంతులు రాకుండా టాబ్లెట్ ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ. అల్లం మురబ్బా డబ్బా దగ్గర ఉంచుకోవడం నన్ను కాపాడింది. నవంబర్ నుంచి మార్చి దాకా అయితే నేను ఎక్కను. ఖర్చు కూడా, మా కారు, క్యాబిన్ కలిపి నెర్హా ఫ్లైట్లకి మూడింతలయింది, దాచిపెట్టేదేం లేదు.

సామాను విషయంలో ఓడకి సాటి లేదు, 5 లీటర్ల ఆలివ్ నూనె డబ్బాలు రెండు డిక్కీలో పడేసుకొచ్చాం. చీజ్ మాత్రం వద్దు, 2025 ఏప్రిల్ నుంచి యూరప్ మాంసం, పాల సరుకులు ఇంగ్లండ్‌లోకి తేనివ్వడం లేదు, ఆయన ఇష్టపడి కొన్న చీజ్ ఓడ ఎక్కకముందే తినేయాల్సొచ్చింది. వీసా మాత్రం ఏ దారైనా మనకి షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలి, 2025 అక్టోబర్ నుంచి స్టాంపు బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకోవడం మొదలుపెట్టారు కాబట్టి బోర్డర్ దగ్గర టైము ఎక్కువ ఉంచుకోండి.

నన్నడిగితే, సెలవు ఏడు రోజులే ఉంటే కళ్లు మూసుకుని నెర్హా వెళ్లండి, కానీ తిరుగు ఫ్లైట్ శనివారం పగలుది తీసుకోండి, ఆదివారం మీ ఇంట్లో మీ మంచం మీద ఉండాలి, ఆ ఒక్క రోజు స్పెయిన్‌లో పోయినా పర్లేదు. పది పన్నెండు రోజులుండి కారుంటే ఉత్తరం, ఓడ. పసిపిల్లలున్నా, పడవ పడనివాళ్లున్నా రైలు. నాకు చెరకు పాకం కావాలి, ఓడా కావాలి, రెండూ ఒక్కసారి కుదరవు, నెర్హా నుంచి శాంతాందేర్‌కి 900 కిలోమీటర్లు పైనే డ్రైవింగు, అది ఆయన చేత చేయించను. అందుకే ఈసారి నెర్హాకి ఫ్లైట్‌లో వెళ్లి, వచ్చేటప్పుడు మాలగా నుంచి బార్సిలోనాకి ఆరు గంటల రైలు, అక్కడో రాత్రి, మర్నాడు పారిస్ రైలు అనుకుంటున్నాం. లెక్కలన్నీ ఈసారి తనే వేస్తానన్నారు, నిన్న రాత్రి టైమ్‌టేబుల్ తీసి కూర్చున్నారు కూడా.